జొన్నచేను కావలా, వికెట్ల కావలా

ఆ రోజుల్లో మాకు చదువు ఒక్కటి తప్ప మిగతావన్నీ సవ్యంగానే సాగుతుండేవి. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డాక, హనుమకొండ హాస్టల్ నుంచి రేకు పెట్టె మోసుకుంటూ జనగామకు తిరిగొచ్చిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఊరేగింపుల్లో నడిచాం, నినాదాలిచ్చాం (నా గొంతు మొదట్లోనే పోయింది, మిగతా ఉద్యమమంతా పెదవులు కదుపుతూ నెట్టుకొచ్చాను). తర్వాత వేడి చల్లారింది, రైళ్లు తిరిగాయి, కొట్లు తెరుచుకున్నాయి. మా కాలేజీ ఎప్పుడు తెరుస్తారని అడిగితే మాత్రం మనిషికో జవాబు వచ్చేది. అలా చేజారిన ఏడాదికి బదులు మరేదైనా చేత పట్టుకుందామని బడి మైదానంలోకి వెళ్లిన మాకు క్రికెట్ దొరికింది. ఆ ఆటను మేం కళ్లతో కాదు, చెవులతో నేర్చుకున్నాం. హోటల్ ముందు నిలబడి రేడియోలో విన్నదే మాకు పాఠం. కీపర్ ఎంత గొప్ప క్యాచ్ పట్టాడో రేడియోలో చెప్పేవారు గానీ, పట్టేముందు అతను ఎలా కూర్చుంటాడో ఎవరూ చెప్పేవారు కాదు. నా కష్టాలు ఆ కూర్చోవడం దగ్గరే మొదలయ్యాయి.

మా జట్టుకు అప్పటిదాకా కీపరూ కప్తానూ ఒక్కడే. మా అందరికంటే పెద్దవాడు, సికింద్రాబాదులో చదువుకొని నిజమైన మ్యాచులను నిజంగా చూసొచ్చినవాడు. ఆయనకు పెళ్లి కుదిరింది. నిశ్చితార్థం నాడు పిల్ల తరఫువాళ్లు తెచ్చిన ఉంగరం తొడగబోతే అది వేలి నడిమి కణుపు దగ్గరే ఆగిపోయింది. కార్కు బంతి తగిలి తగిలి ఆ వేలు అల్లం కొమ్ములా తయారైంది మరి. పక్క వేలికి ప్రయత్నించారు, అదీ అల్లమే. చివరికి చిటికెన వేలికి తొడిగి ఫోటో దిగారట. కాబోయే అత్తగారు అక్కడికక్కడే తేల్చి చెప్పింది: ఆడుకుంటే ఆడుకో గానీ ఆ కట్టెల వెనక మాత్రం కూర్చోవద్దు. అప్పటినుంచి ఊళ్లో ఆయన పేరు ఉంగరమన్న. ఆయన బుద్ధిగా స్పిన్ బౌలింగుకు మారాడు, కట్టెల వెనక చోటు ఖాళీ అయింది. జట్టులో మిగతా అందరికీ పెళ్లి ఆశలుండటం వల్ల ఆ చోటుకు ఎవరూ ముందుకు రాలేదు. నాకైతే అప్పటివరకు జట్టులో చోటే లేదు (నీళ్ల కడవ పక్కన నిలబడటం కూడా చోటే అనుకుంటే, ఉంది). వేళ్లదేముందిలే అనుకొని చెయ్యెత్తాను.

అంత తెగింపు రావడానికి కారణం మా బాపు. జనగామలో మిర్చి వ్యాపారం చేసేవాడు. పనిలేకుండా కూర్చున్న మనిషిని చూస్తే ఆయనకు తుమ్ములు వచ్చేవి (మిర్చి వల్ల కూడా కావచ్చు, కానీ నన్ను చూసినప్పుడే ఎక్కువ వచ్చేవి). మొగుళ్లపల్లిలో మా చిన్నాయినకు జొన్నచేను ఉంది. అప్పుడప్పుడే కంకులు పాలు పోసుకుంటున్నాయి, పిట్టలు దిగుతున్నాయి, మంచె మీద కూర్చోవడానికి మనిషి కావాలని కబురొచ్చింది. బాపు చూపు నా మీద పడింది. నన్ను చూసి బెదరడానికి ఒప్పుకునే ప్రాణులు లోకంలో పిట్టలు మాత్రమేనని ఆయన నమ్మకం. మంచె అంటే చేను మధ్యలో నాలుగు గుంజల మీద కట్టిన పందిరి. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా దాని మీద ఒక్కణ్నే కూర్చోవాలి. స్నేహితులుండరు, రేడియో ఉండదు, మాట్లాడాలంటే చిలకలతోనే. అవీ తింటూ సరిగ్గా వినవు. అందుకని, జట్టుకు కీపర్ని నేనేనని, నేను లేకపోతే ఆట సాగదని బాపుతో చెప్పాను. కీపరంటే ఎవరని ఆయన అడిగాడు. వికెట్ల వెనక కాపలా ఉండేవాడు అన్నాను. అక్కడే దొరికిపోయాను.

"అంటే కావలోడే గదా," అన్నాడు బాపు. "గా మూడు కట్టెలకు కాసే కావలి జొన్నచేనుకు కాస్తే ఏమైతది? కట్టెల నెత్తుకపోయేటోడు ఎవడున్నడు?"

అవ్వ (మావైపు అమ్మను అవ్వ అంటాం) నడుమ కలగజేసుకొని, పిల్లగాడు మనసు పెట్టి ఒక పని నేర్చుకుంటానంటుంటే ఆపొద్దంది. చివరికి ఒప్పందం కుదిరింది. వచ్చే ఆదివారం మాకు మానుకోట జట్టుతో మ్యాచ్, మానుకోటలోనే. మహబూబాబాద్ అని రైలు టికెట్ మీద ఉంటుంది గానీ నోటి మీద మానుకోటే. బాపుకు ఆ రోజు అక్కడ మిర్చి పని ఉంది. ఆయనే వచ్చి చూస్తాడు. మేం గెలిస్తే నేను జనగామలో ఉండొచ్చు. ఓడితే తిరుగు రైలులో వరంగల్లులో దిగి, ఇల్లు చూడకుండానే మొగుళ్లపల్లి బస్సెక్కాలి. మాట మీద నిలబడే మనిషి కాబట్టి, నా రేకు పెట్టె అప్పుడే సర్దించి గుమ్మం పక్కన పెట్టించాడు.

చేతిలో వారం కూడా లేదు. ఉంగరమన్న నాకు కీపింగు నేర్పడం మొదలుపెట్టాడు. కూర్చోవడం నాకు కొత్త కాదు, బడిలో ఖోఖో ఆడినవాణ్ణి. గొడవంతా లేవడంలో వచ్చింది. ఖోఖోలో కూర్చున్నవాడి ఒళ్లంతా లేవడానికే కాచుకొని ఉంటుంది, వెనక అలికిడైతే చాలు లేచి ఉరుకుతాడు. అలా నేను బౌలర్ పరుగు మొదలుపెట్టగానే లేచేవాణ్ణి, ఎవరైనా దగ్గితే లేచేవాణ్ణి, ఒకసారి పక్క రోడ్డు మీద బస్సు హారన్ కొట్టినా లేచాను. నేను నిటారుగా నిలబడి ఉండగా బంతి తలవంచుకొని నా కాళ్ల మధ్యనుంచి వెళ్లిపోయేది. ఉంగరమన్న నడుం మీద చేతులు పెట్టుకొని చూసేవాడు.

"కూసో. నీకెవ్వడు ఖో ఇచ్చిండని లేస్తున్నవ్?" అనేవాడు. "బంతి నేల మీద వడేదాంక నువ్వు నేల మీదనే ఉండాలె. అది లేస్తుంటె దానితోని నువ్వు లేవాలె. అంతకంటె ముందుగాల లేచినవంటె దర్వాజ తెరిచి పెట్టినట్టే."

చేతుల సంగతి ఇంకా కష్టం. బంతి వస్తుంటే ఎవరో కొట్టడానికి వస్తున్నట్టు రెండు చేతులూ ముందుకు తోసేవాణ్ణి. అది అరచేతులకు తగిలి ఎగిరి అవతల పడేది. ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే ఆపుతావా, చేతులు పట్టుకొని లోపలికి తోలుకపోతావా అని అడిగాడు ఉంగరమన్న. లోపలికే అన్నాను. బంతినీ అలాగే రానిచ్చి, వస్తున్నకొద్దీ చేతులు వెనక్కి తీసుకోమన్నాడు. వేళ్లు నేల వైపు, రెండు అరచేతులూ దోసిలిలా, కళ్లు బంతి మీద. చెప్పడానికి ఇంతే. చుట్టాలకు ఎలా మర్యాద చేయాలో మాత్రం ఆ నాలుగు రోజుల్లో నా వేళ్లకు బాగా తెలిసొచ్చింది.

ముందుగా లేచే రోగానికి ఆయన ఒక మందు కనిపెట్టాడు. ఇంటి దగ్గర నెత్తి మీద నీళ్ల చెంబు పెట్టుకొని గొంతుకూర్చోవాలి. చెల్లెలు గోడకేసి బంతి కొడుతుంది. అది నేల మీద పడి లేచేదాకా నేను కదలకూడదు, లేచేటప్పుడు నెమ్మదిగా దానితోపాటే లేవాలి. తొందరపడితే తలంటే. మొదటి రోజు నేను చేసినన్ని స్నానాలు పుష్కరాల్లో కూడా ఎవరూ చేసి ఉండరు. బాపు కొట్టు నుంచి వచ్చి, వాకిట్లో నన్ను అలా చూసి, చెప్పులు విప్పడం కూడా మరిచిపోయాడు.

"చెంబు పట్టుకొని కూసునేటోళ్లను చూసిన గని," అన్నాడు అవ్వతో, "నెత్తిన వెట్టుకొని కూసునేటోణ్ని ఇప్పుడే చూస్తున్న. వీనికి మంచెనే మంచిది."

కానీ మూడో రోజుకు చెంబు నిలిచింది. నాలుగో రోజుకు చెంబూ బంతీ రెండూ నిలిచాయి. కొనడానికి గ్లౌజులు వరంగల్లులో కూడా దొరకలేదు (దొరికినా బాపును అడిగే ధైర్యం దొరికేది కాదు), కాబట్టి అవ్వ పాత బొంత ఒకటి కత్తిరించి, ఏడెనిమిది మడతలు వేసి దబ్బనంతో కుట్టి నాకు గ్లౌజులు చేసింది. ఒకదాని మీద ఎర్ర పూలు, ఇంకోదాని మీద సగం నెమలి. తొడుక్కుంటే రెండు చేతుల్లోనూ పసిపిల్లలను ఎత్తుకున్నట్టు ఉండేది. మరొక ముఖ్యమైన రక్షణ కవచం గురించి కొబ్బరిచిప్ప అని మాత్రం చెప్పి ముందుకు పోతాను.

ఆదివారం తెల్లవారుజాము ప్యాసింజరులో అందరం మానుకోట చేరాం. బాపు మిర్చి పని త్వరగా ముగించుకొని, తనకు తెలిసిన షావుకారు ఒకాయనను వెంటబెట్టుకొని మైదానానికి వచ్చాడు. వస్తూ వస్తూ నా రేకు పెట్టె కూలివాడి నెత్తిన పెట్టించి తెచ్చాడు. దాన్ని సరిగ్గా వికెట్ల వెనకవైపు, మైదానం అంచున పెట్టి, దాని మీదే కూర్చున్నాడు. నేను వికెట్ల వెనక ఎటు తిరిగినా పెట్టె కనిపించేది. బంతిని చూడమని ఉంగరమన్న చెప్పాడు గానీ, బంతి నన్ను దాటి పోయే దారిలోనే మొగుళ్లపల్లి కూడా కనిపిస్తుంటే ఏం చేయను?

ముందు మేం ఆడి ఎలాగో గౌరవంగా అనిపించే పరుగులు చేశాం (నావి అందులో లేవు; అంత పెద్ద విషయాల్లో నేను తలదూర్చలేదు). తర్వాత వాళ్ల వంతు. వాళ్ల జట్టుకు దిక్కు ఒక రైల్వే గుమస్తా. కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చినవాడు, ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు, నిజమైన ప్యాడ్లు. ఉద్యమం వేడి ఇంకా పూర్తిగా ఆరని రోజులు కాబట్టి, మా వాళ్లలో కొందరు ఆయనను ఔట్ చేయడం రాష్ట్ర సమస్యగా భావించారు. మనిషి మాత్రం మర్యాదస్తుడు. క్రీజులోకి వచ్చి, నా చేతుల వైపు కాసేపు చూసి, "ఏం బాబూ, పరుపు కూడా తెచ్చుకున్నట్టున్నారు. నిద్దరొస్తే మొహమాటపడకండి," అన్నాడు. స్లిప్‌లో నిలబడ్డ మావాడే ముందు నవ్వాడు.

మొదటి బంతికే నేను లేచాను. నాలుగు రోజుల చెంబు చదువంతా ఒక్క క్షణంలో ఒలికిపోయింది. బంతి కాళ్ల మధ్యనుంచి దూరి నేరుగా వెళ్లి పెట్టెకు తగిలి ఠంగుమంది. బాపు కాళ్లు పైకి లాక్కొని, వంగి పెట్టెకు సొట్ట పడిందేమో తడిమి చూశాడు. నేను బంతి కోసం వెళ్తే, "కావలి గిట్లనేనా కాసుడు?" అని నెమ్మదిగా అడిగాడు. ఆ ఓవరులో నేను ఇంకో బంతికి కూడా వీడ్కోలు చెప్పాను. ఓవర్ల మధ్య ఉంగరమన్న దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. నా నెత్తి మీద అరచెయ్యి పెట్టి, "గిది చెంబనుకో," అని చెప్పి వెళ్లిపోయాడు.

అదేం మహిమో, ఆ తర్వాత నెత్తి మీద బరువు ఉన్నట్టే ఉండేది. బంతి పడేదాకా నేను లేవలేదు, లేచినప్పుడు దానితోనే లేచాను. ఒకటి వచ్చి నెమలి ఒడిలో కూర్చుంది, ఇంకొకటి పూలలో. బొంత గ్లౌజులకు ఒక సుగుణం ఉంది, బంతి వాటిలోకి వచ్చిందంటే చప్పుడు చేయకుండా సొంతింట్లో ఉన్నట్టు ఉండిపోతుంది. కాసేపటికి నాకు భయం పోయి ఆకలి వేసింది. అటువైపు కూడా వికెట్లు పడుతూనే ఉన్నాయి. కానీ గుమస్తా కదల్లేదు. ఆయన ఉన్నంతసేపు ఆట వాళ్లదే, పెట్టె ప్రయాణం ఖాయమే. ఉంగరమన్న బంతి తీసుకొని, నన్ను వికెట్లకు బాగా దగ్గరికి వచ్చి కూర్చోమని సైగ చేశాడు.

ఆయన వేసిన బంతి గాల్లో తేలుతూ, తప్పకుండా కొట్టండి అని బతిమాలుతున్నట్టు వచ్చింది. గుమస్తా రెండడుగులు ముందుకు దూకి బ్యాటు ఊపాడు. బంతి నేలకు తగిలి పక్కకు తిరిగి, ఆయనను దాటుకొని, నేను లేస్తుండగా నా దోసిట్లోకి వచ్చింది. అంత అందంగా నేను జీవితంలో ఇంకేదీ పట్టుకోలేదు. ఇక మిగిలింది ఆ బంతితో వికెట్లు పడగొట్టడమే. అది నాకు తెలుసు. కానీ ఎదురుగా ఒక వీపు కనిపించింది. ఏళ్ల తరబడి పరుగెత్తే వీపులను తడమడానికే అలవాటుపడిన చెయ్యి నా మాట వినలేదు. వికెట్లను జాగ్రత్తగా తప్పించుకొని (ఖోఖో స్తంభానికి తగలకుండా వెళ్లే నేర్పుతో), ఒక్క గంతులో వెళ్లి గుమస్తా వీపు మీద బంతితో చరిచి, విజయంతో చెయ్యెత్తి నిలబడ్డాను.

రెండు జట్లూ కలిసి నవ్వాయి. ఉంగరమన్న నేల మీద కూలబడి మొహం దాచుకున్నాడు. బాపు ఒక్కడే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. గుమస్తా నవ్వలేదు, పాపం, ఆయనకు జాలేసింది. నా వైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"అలా కాదు బాబూ. ఇందులో మనుషుల్ని ముట్టుకుంటే ఔటవరు. ఆ కట్టెలున్నాయి చూశారూ?" బ్యాటు పైకెత్తి వికెట్ల వైపు చూపించాడు. "బంతితో వాటిని కొట్టాలి."

నాకు బడిలో మాస్టారు తప్పు దిద్దుకోమంటే మారు మాట్లాడకుండా దిద్దుకునే అలవాటు ఒకటి ఉండేది. వెనక్కి తిరిగి రెండడుగులు వేసి, "వీటినా అండీ?" అని అడిగి, ఆయన చెప్పినట్టే బంతితో ఒక్కటిచ్చాను. వికెట్ల మీది గుల్లీలు రెండూ ఎగిరిపడ్డాయి. గుమస్తా అవునన్నట్టు తలూపాడు. తలూపుతూ ఊపుతూ కిందికి చూసుకున్నాడు. కాళ్లు సున్నపు గీత దాటి బయట ఉన్నాయి, బ్యాటు ఇంకా గాల్లోనే ఉంది. అంపైరుగా నిలబడ్డ మానుకోట డ్రిల్లు సారు, సొంత ఊరి జట్టు అని చూడకుండా, వేలు ఎత్తేశాడు.

అది నేను పన్నిన ఎత్తు కాదని అక్కడే, అప్పుడే, అందరితో చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. గుమస్తా వెళ్తూ వెళ్తూ నా బొంత చేతిని పట్టుకొని ఊపాడు. "నలభై ఊళ్లు తిరిగాను. నాచేతే పాఠం చెప్పించుకొని నన్ను ఔట్ చేసినవాణ్ని మాత్రం ఇక్కడే చూశాను," అని మెచ్చుకోలుగా అన్నాడు. స్లిప్‌లో మావాడు నన్ను కొత్తగా చూశాడు. నాకంటే తెలివైనవాడెవడో నా చొక్కాలో నిలబడి ఉన్నట్టు నాకూ అనిపించింది.

అయినా ఆట అయిపోలేదు. గుమస్తా పోయాక వాళ్లు ఒక్కో పరుగూ కూడబెట్టుకుంటూ దగ్గరికి వచ్చేశారు. చివరి జోడీ మిగిలింది, ఒక్క మంచి దెబ్బ తగిలితే గెలుపు వాళ్లదే. మా వేగపు బౌలర్ పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. అప్పుడు నేను పెట్టెను చూడలేదు, బాపును చూడలేదు. బంతి పడింది, లేచింది, నేనూ లేచాను. బ్యాటు అంచుకు టక్కున తగిలిన చప్పుడు విన్నానో లేదో, కుడివైపు చేతులు చాచి, వచ్చినదాన్ని వచ్చినట్టే లోపలికి తోలుకుపోయాను. నేల మీద పడ్డాక కళ్లు తెరిస్తే నెమలి ఒడిలో బంతి ఉంది. ఈసారి వీపులూ లేవు, అనుమానాలూ లేవు. చెంబు నిలిచింది, జనగామ గెలిచింది. మావాళ్లు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు (కొబ్బరిచిప్ప కారణంగా ఆ కూర్చోవడం అంత సుఖంగా లేదు, అయినా దిగలేదు).

తిరుగు రైలులో బాపు పక్కవాళ్లకు ఆట వివరించాడు. క్రికెట్‌లో ముందుగా మనిషిని ఉరికించి వీపు మీద చరచాలట, ఆ తర్వాత పోయి కట్టెలకు చెప్పాలట, రెండూ చేస్తేనే ఔటట. అందరూ శ్రద్ధగా విన్నారు. నేను దిద్దబోయి ఊరుకున్నాను, నన్ను గెలిపించిన సూత్రం నిజానికి అదే కదా. వరంగల్లులో రైలు ఆగింది. బాపు లేచి నిలబడ్డాడు. గెలిచినా ఆయన మనసు మారిందేమో అనుకున్నాను. మెల్లగా లేచి పెట్టె పిడి పట్టుకున్నాను.

"నువ్వెందుకు లేస్తున్నవ్?" అన్నాడు బాపు. "నేను చాయ్‌కి దిగుతున్న. జనగామ ఇంక రాలే."

చాయ్ ఇద్దరికీ తెచ్చాడు. తాగుతూ కిటికీలోంచి బయటికి చూస్తూ, "మంచిగనే కాసినవ్‌ బిడ్డా," అన్నాడు. బాపు నన్ను మెచ్చుకున్న మాటలు చాలా తక్కువ. ఆ ఒక్కదాన్నీ నేను రెండు చేతులతో పట్టుకున్నాను.

మరి జొన్నచేనుకు ఎవరు పోయారు? ఆ సంగతి నాకు తర్వాతి వారం తెలిసింది. చిన్నాయినకు మనిషి దొరకలేదు. ఇచ్చిన మాట ప్రకారం నన్ను పంపలేడు కాబట్టి బాపే కొట్టు జనగామలోనే ఉండే తన ఇంకో తమ్ముడికి అప్పజెప్పి, తెల్ల ధోవతి కట్టుకొని మొగుళ్లపల్లి మంచె ఎక్కాడు. అవ్వ సద్ది కట్టిస్తే తీసుకొని వెళ్లాను. బాపు మంచె మీద రాళ్లు విసిరే వడిసెల పట్టుకొని కూర్చొని ఉన్నాడు, చుట్టూ చేను తళతళలాడుతోంది. నన్ను చూసి, పక్కన పెట్టుకున్న సీతాఫలాల్లో ఒకటి తీసి, పట్టు అని పైనుంచి విసిరాడు. బాగా పండింది, గట్టిగా పట్టుకుంటే చితికిపోతుంది. నేను మోకాళ్లు వంచి, దానితోపాటు చేతులు కిందికి తెచ్చి అందుకున్నాను. పండు మీది ఒక్క కన్ను కూడా చెదరలేదు. బాపు తలూపి రెండోది విసిరాడు. ఆ పూట సద్ది మూట విప్పకుండానే మేమిద్దరం ఆ ఆటే ఆడాం, ఆ కాసేపు పిట్టలు మాత్రం బాగా తిన్నాయి.

ఇప్పుడు నా వయసు ఆనాటి బాపు వయసును దాటి చాలా దూరం వచ్చింది. సీతాఫలాల కాలంలో బండి దగ్గర పండ్లు ఏరుకుంటుంటాను. అమ్మే ఆమె పండు అందిస్తే, నాకు తెలియకుండానే మోకాళ్లు కొంచెం వంగుతాయి, రెండు చేతులూ దోసిలవుతాయి. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఏంది సారు, మోకాళ్ల నొప్పులా?" అని అడుగుతుంది.

అవునమ్మా అంటాను. అదీ అబద్ధం కాదు.